120 బేస్‌దా, 48 బేస్‌దా? పాత అకార్డియన్ కొనేముందు

ప్రశ్న: నా వయసు 44. చిన్నప్పటి నుంచీ అకార్డియన్ అంటే ఇష్టం, కానీ ఇంతవరకూ ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి సెకండ్ హ్యాండ్‌వి వెతుకుతున్నాను. రెండు దొరికాయి. ఒకటి 120 బేస్‌ది, అంటే ఎడమచేతి వైపు 120 బటన్లు ఉన్నదట. ఎర్రగా, ముత్యంలా మెరుస్తోంది. ఇరవై ఏళ్లుగా పెట్టెలోనే ఉందట, "చిన్న రిపేరు చేయిస్తే చాలు" అంటున్నారు. రెండోది 48 బేస్‌ది. నల్లది, అక్కడక్కడా గీతలు పడ్డాయి, మొన్నటిదాకా ఎవరో వాయిస్తూ ఉన్నదే. ధర రెండింటికీ దాదాపు ఒకటే. అదే డబ్బుకు పెద్దది వస్తుంటే చిన్నది కొనడమేంటని ఇంట్లో అంటున్నారు. చూడ్డానికి వెళ్తే ఏం చూడాలో కూడా నాకు తెలీదు. టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: నమస్తే అండీ. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. 48 బేస్‌దే తీసుకోండి. వెళ్లి చూసినప్పుడు అందులో పెద్ద లోపం బయటపడితే దాన్నీ వదిలేసి ఇంకోదాని కోసం ఆగండి. అంతేగానీ, ఇది కుదరలేదు కదా అని ఆ ఎర్రదాని దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. చిన్నదాని గురించి "మొన్నటిదాకా వాయిస్తూ ఉన్నదే" అన్నారు. పెద్దదాని గురించి "ఇరవై ఏళ్లుగా పెట్టెలోనే ఉందట" అన్నారు. వాడకుండా దాచిన వస్తువు కొత్తదానితో సమానమని మనం అనుకుంటాం. అకార్డియన్ విషయంలో ఆ లెక్క తప్పు. అది వాడుతుంటేనే బాగుంటుంది, వదిలేస్తే పాడవుతుంది. ఎందుకో తెలియాలంటే దాని లోపల ఏముందో కాస్త చెప్పాలి.

అకార్డియన్‌లో పలికేది రీడు. సన్నని ఉక్కు నాలుక అనుకోండి. హార్మోనియంలోనూ ఉండేది ఇలాంటి రీడే, కాకపోతే అక్కడ ఇత్తడిది. అకార్డియన్‌లో చిన్న అల్యూమినియం పలకకు ముందువైపు ఒక నాలుక, వెనకవైపు ఒక నాలుక రివెట్టు కొట్టి ఉంటాయి. మధ్యలో మడతలుగా ఉండే తిత్తిని లాగినప్పుడు ఒకటి పలుకుతుంది, మూసినప్పుడు రెండోది పలుకుతుంది. అలా ప్రతి స్వరానికీ జంట రీడ్లు ఉండాల్సిందే. గాలి వృథాగా పోకుండా పలికే నాలుకకు ఎదురువైపు ఒక పల్చటి తోలు పట్టీ అతికించి ఉంటుంది. ఈ పలకలన్నిటినీ చెక్క దిమ్మెల మీద వరుసగా నిలబెట్టి, తేనెమైనంలో గుగ్గిలం లాంటి జిగురు కలిపి కరిగించి అతికిస్తారు. పెద్ద అకార్డియన్‌లో కుడివైపు 41 మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టుకు నాలుగు వరుసల రీడ్లు ఉన్నాయనుకుంటే, లాగడానికీ మూయడానికీ కలిపి ఒక్క కుడివైపే 328 రీడ్లు. ఎడమవైపువి వేరే.

ఉక్కు, తోలు, మైనం, చెక్క, అట్ట, గుడ్డ. ఇవీ లోపలున్నవి. ఏళ్ల తరబడి మూసిన పెట్టెలో ఉంటే మైనం ఎండి పగుళ్లిస్తుంది. తోలు బిగుసుకుని వంకర తిరుగుతుంది. కాస్త తేమ తగిలితే ఉక్కుకు తుప్పు పడుతుంది. పైన ముత్యంలా మెరిసేది సెల్యులాయిడ్ పొర. అది ఏళ్లు గడిచినా చాలావరకు మెరుస్తూనే ఉంటుంది. అందుకే బయటి మెరుపు చూసి లోపలి ఆరోగ్యం అంచనా వేయలేం.

నా మొదటి అకార్డియన్ కూడా అలా మెరిసేదే. అమ్మినాయన మధ్యలో ఉన్న నాలుగైదు మెట్ల మీద చక్కటి బాణీ వాయించి వినిపించాడు, నేను కరిగిపోయాను. ఇంటికొచ్చిన పది రోజులకు కింది స్వరాలు గరగరమనడం మొదలైంది. తర్వాత ఒక మెట్టు తిత్తి లాగితే పలికేది, మూస్తే పలికేది కాదు. అయితే అప్పుడు నాకు తట్టింది "వాయిద్యం పాడైంది" అని కాదు, "నాకే చేతకావడం లేదు" అని. తిత్తి సరిగ్గా లాగడం లేదేమో, వేలు సరిగ్గా పడట్లేదేమో అనుకుంటూ నాలుగు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి రిపేరు చేసే ఆయన దాన్ని నా ఎదురుగానే విప్పారు. మూడు రీడు పలకలు ఊడి అడుగున పడి ఉన్నాయి. మైనం పొడి పొడిగా రాలి తిత్తి మడతల్లో పేరుకుంది. ఆయన ఇంకో పలకను వేలి కొసతో అలా తాకారంతే, అది పన్ను కదిలినట్టు కదిలింది. అన్నీ ఊడదీసి, శుభ్రం చేసి, కొత్త మైనం పోసి, మళ్లీ శ్రుతి చేయడానికి ఎంతవుతుందో చెప్పారు. నేను దాన్ని కొన్న ధర కన్నా ఎక్కువ.

ఆ నాలుగు నెలల సంగతి గుర్తున్నందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. చేయి తిరిగిన వాళ్లు లోపాలున్న అకార్డియన్‌తో కూడా నెట్టుకురాగలరు. పలకని స్వరాన్ని తప్పించి వాయిస్తారు, గాలి పోతుంటే తిత్తి ఇంకాస్త బలంగా లాగుతారు. తప్పు తనదో వాయిద్యానిదో తెలియనిది కొత్తగా నేర్చుకునేవాళ్లకే. మంచి వాయిద్యం అవసరం వాళ్లకే ఎక్కువ.

ఇక "అదే డబ్బుకు పెద్దది" అనే మాట. 48 బేస్ అంటే ఎడమచేతి వైపు 48 బటన్లు. చాలావాటిలో కుడివైపు 26 మెట్లు ఉంటాయి, అంటే రెండు స్థాయిలకు కాస్త ఎక్కువ. బరువు సుమారు 5 నుంచి 6 కిలోలు. 120 బేస్‌ది 10 నుంచి 12 కిలోలు ఉంటుంది. ఆ బరువును ఒళ్లో పెట్టుకుని, భుజాలకు తగిలించుకుని, ఎడమచేత్తో లాగుతూ మూస్తూ ఉండాలి. మొదట్లో ఎడమచేయి, భుజం, నడుము అలవాటు పడటానికే కొన్ని వారాలు పడుతుంది. పెద్దది కొని, నొప్పుల వల్ల వారానికోసారి కూడా బయటికి తీయని వాళ్లను చూశాను.

48 బటన్లు తక్కువని ఇంట్లో ఎవరైనా అంటే వాళ్లకు ఇలా చెప్పండి. ఎడమవైపు బటన్లు మెట్లలాగా ఒక్కొక్కటి ఒక్కో కొత్త స్వరం కాదు. నిలువు వరుసకు ఒక బేస్ స్వరం, దాని మేజర్ కార్డ్, దాని మైనర్ కార్డ్, ఇలా ఒక కుటుంబం ఉంటుంది. కార్డ్ బటన్ ఒక్కటి నొక్కితే మూడు స్వరాలు కలిసి పలుకుతాయి. అకార్డియన్ అనే పేరు కూడా ఈ కార్డ్స్ నుంచి వచ్చిందే. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ ఆ పేరుతో పేటెంట్ తీసుకున్న వాయిద్యంలో ఒక్కో మెట్టు నొక్కితే ఒక్కో కార్డ్ పలికేది. ఇప్పటి 120 బేస్‌లో ఇలాంటి నిలువు వరుసలు 20, వరుసకు ఆరు బటన్లు. 48 బేస్‌లో చాలావరకు 12 వరుసలు, వరుసకు నాలుగు. స్వరస్థానాలు ఉన్నవే 12 కదా. మొదటి రెండేళ్లలో మీరు నేర్చుకునే వాటిలో దాదాపు అన్నీ ఇందులో వాయించొచ్చు. 120లో అదనంగా వచ్చేవి సెవెంత్, డిమినిష్డ్ అనే మరో రెండు రకాల కార్డ్స్, ఇంకా అంచుల్లో మళ్లీ వచ్చే వరుసలు. అవి కావాలనిపించే రోజు వస్తే అప్పుడు మార్చుకోవచ్చు. బాగా పలికే చిన్న అకార్డియన్‌ను మళ్లీ అమ్మడం పెద్ద కష్టం కాదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

వెళ్లేముందు ఫోన్‌లోనే ఒక సంగతి తేల్చుకోండి. కుడివైపు పియానో లాంటి మెట్లు ఉన్నాయా, బటన్లు ఉన్నాయా? బటన్లు ఉండేవి వేరే పద్ధతి. వాటిలో డయాటోనిక్ అనే రకంలో ఒకే బటన్ తిత్తి లాగితే ఒక స్వరం, మూస్తే ఇంకో స్వరం పలుకుతుంది. అదీ మంచి వాయిద్యమే, కానీ మీకు నేర్పేవాళ్లు ఏది నేర్పుతారో అదే కొనాలి. ఏడెనిమిది మెట్లు, రెండు మూడు బటన్లు ఉండే పిల్లల బొమ్మలు కూడా అకార్డియన్ పేరుతో అమ్మకానికి వస్తుంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు పరీక్ష. వాయించడం రానక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ఒక గంట సమయం అడిగి వెళ్లండి. తొందరపెట్టే చోట కొనకండి.

చేతులు లేని కుర్చీలో కూర్చుని దాన్ని తగిలించుకోండి. బరువంతా భుజాల మీద వేలాడకూడదు, తిత్తి ఎడమ తొడ మీద ఆనాలి. గడ్డం దాని పైఅంచుకు తగలకుండా ఉండాలి. ఎడమచేయి పట్టీలోంచి దూర్చినప్పుడు వేళ్లు బటన్లకు హాయిగా అందాలి. తిత్తికి పైనా కిందా ఉండే చిన్న పట్టీల బటన్లు విప్పేయండి.

మొదట ఏ మెట్టూ నొక్కకండి. ఏమీ నొక్కకుండా తిత్తిని మెల్లగా లాగి చూడండి. మెల్లగా మాత్రమే, బలం పెట్టొద్దు. బాగున్న అకార్డియన్ బిగపట్టినట్టు ఉంటుంది, రానంటుంది. సులువుగా తెరుచుకుంటూ స్‌స్‌స్ అని చప్పుడు వస్తే ఎక్కడో గాలి పోతోంది. లాగుతున్నప్పుడు ఏదో ఒక స్వరం తనంతట తానే సన్నగా పలికితే, ఆ మెట్టు కింద గాలి రంధ్రాన్ని మూసే మూత సరిగ్గా కూర్చోవట్లేదన్నమాట. తర్వాత ఎడమచేతి బొటనవేలి దగ్గర ఒక బటన్ ఉంటుంది, అది గాలి బటన్. దాన్ని నొక్కి తిత్తి సగం తెరవండి, బటన్ వదిలేసి ఈసారి మూయడానికి ప్రయత్నించండి. మళ్లీ అదే బిగువు ఉండాలి. గాలి బటన్ నొక్కి లాగుతుంటే ఊపిరి తీసిన చప్పుడు తప్ప ఇంకేదీ వినపడకూడదు. లోపల ఏదైనా దొర్లినట్టు, గిలక్కాయలా శబ్దం వస్తే ఊడిపడ్డ రీడు పలక అయ్యుండొచ్చు. నా మొదటిది సరిగ్గా అలాగే చప్పుడు చేసేది, అదేంటో నాకు అప్పుడు తెలీదు.

తిత్తి తెరిచి ఉండగా మడతల మూలలు చూడండి. మూలల్లో మెత్తటి తోలు ఉంటుంది, మొదట చిరిగేది అక్కడే. ఫోన్ టార్చ్ వేసి చూడండి. గుడ్డ టేపు అతుకులు ఒకటి రెండు ఉంటే పర్వాలేదు, వరుసగా ఉంటే ఆలోచించాలి. ముక్కు దగ్గరగా పెట్టి గాలి బటన్ నొక్కి మూయండి. లోపలి గాలి మీ ముఖానికి తగులుతుంది. పాత చెక్క వాసన, తోలు వాసన మామూలే. బూజు వాసన వస్తే మాత్రం అక్కడితో ఆపేయండి. అట్టలోకి ఎక్కిన బూజు అంత తేలిగ్గా వదలదు. తేమ తగిలిన చోట తుప్పు కూడా ఉంటుంది.

తర్వాతది కాస్త విసుగు పని, కానీ మొత్తం పరీక్షలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. అన్నిటికన్నా కింది మెట్టుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే నొక్కుతూ పైదాకా రండి. ప్రతి మెట్టునూ ఒకసారి లాగుతూ, ఒకసారి మూస్తూ వినండి. 26 మెట్లు, 52 శబ్దాలు. లాగినా మూసినా ఒకే స్వరం రావాలి. గాలి చాలా మెల్లగా వదలండి, ఎందుకంటే బలంగా లాగితే జబ్బు రీడు కూడా పలికేస్తుంది. మెల్లగా లాగినప్పుడు మంచి రీడు వెంటనే పలుకుతుంది. బాగోలేనిది ముందు కాసేపు ఊపిరి వదిలి తర్వాత పలుకుతుంది, లేదా గరగరమంటుంది, లేదా మౌనంగా ఉండిపోతుంది. ఒక కాగితం దగ్గర పెట్టుకుని తేడా ఉన్న మెట్లు రాసుకోండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే శ్రుతి కూడా తెలుస్తుంది. 'A' అనే స్వరం 440 నుంచి 442 హెర్ట్జ్ మధ్య ఉంటే ఇతర వాయిద్యాలతో కలిసి వాయించడానికి ఇబ్బంది ఉండదు.

ఇక్కడ ఒక విషయంలో కంగారు పడకండి. చాలా అకార్డియన్లలో ఒక్క మెట్టుకు రెండు రీడ్లు పలుకుతాయి, వాటిని కావాలనే కొద్దిగా తేడాగా శ్రుతి చేస్తారు. అందుకే శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. అది శ్రుతి తప్పడం కాదు, అకార్డియన్ అందం చాలావరకు అదే. మీరు వినాల్సింది ఆ అలలు సమంగా ఉన్నాయా లేదా అని. పైకి వెళ్లేకొద్దీ కాస్త వేగం పెరగొచ్చు. కానీ ఒక మెట్టు దగ్గర నిదానంగా ఊగుతూ, పక్క మెట్టు దగ్గర ఉన్నట్టుండి గడగడ వణికితే అక్కడ ఒక రీడు జారింది. మెట్ల పైన రిజిస్టర్ స్విచ్చులు, అంటే ఏ వరుస రీడ్లు పలకాలో మార్చేవి, ఉంటే ఒక్కో స్విచ్ మార్చి మళ్లీ వినండి, ఏ వరుస రీడ్లలో లోపం ఉందో తెలిసిపోతుంది.

ఎడమవైపు కూడా అన్ని బటన్లూ నొక్కండి. నొక్కినది వెంటనే పైకి రావాలి. లోపలికి పోయి అక్కడే ఉండిపోయేవి ఉంటే జాగ్రత్త. ఆ బటన్ల కింద సన్నని ఇనుప కడ్డీలు, మీటలు అల్లుకుని ఉంటాయి, విప్పితే వరుసగా అన్నీ విప్పాలి, ఆ పని తెలిసినవాళ్లు తక్కువ. ఒక బటన్ మీద చిన్న గుంట గానీ మెరిసే రాయి గానీ ఉంటుంది, అది 'సి' బేస్. చూడకుండా చేయి పెట్టినప్పుడు వేలు దాన్నే వెతుక్కుంటుంది. అది అరిగిపోయినా ఫరవాలేదు, ఎక్కడుందో తెలుసుకోండి. ఇంకో మాట. ఎడమవైపు ఒకే రీడు చాలా కార్డులకు పనికొస్తుంది. కాబట్టి ఐదారు బటన్లు తేడాగా వినిపిస్తే ఐదారు లోపాలు ఉన్నాయని బెదిరిపోకండి, లోపం ఒక్కటే కావచ్చు.

వీలైతే లోపల చూపించమని అడగండి. తిత్తి అంచుల వెంట ఉండే చిన్న మేకులు తీస్తే అది విడివడుతుంది. ఆ పని మీరు చేయొద్దు, తెలిసిన వాళ్లను తీసుకెళ్లండి, లేదా రిపేరు చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లి చూపించడానికి అమ్మేవాళ్లను ఒప్పించండి. చూపించడానికి ఇష్టపడని వాళ్లకు లోపల ఏముందో తెలిసే ఉంటుందని నా అనుమానం. విప్పాక మైనం నున్నగా, తేనె రంగులో ఉండాలి. పాలిపోయి, పగుళ్లిచ్చి, గోరు తగిలితే పొడి రాలేట్టు ఉంటే వద్దు. తోలు పట్టీలు పలకకు అంటుకుని పడుకోవాలి, ఎండుటాకుల్లా పైకి లేచి ఉండకూడదు. రీడ్ల మీద గోధుమ రంగు చుక్కలు ఉంటే అది తుప్పే.

బ్రాండ్ గురించి మీరు అడగలేదు గానీ అమ్మేవాళ్లు తప్పకుండా చెబుతారు. ఇటలీలోని కాస్టెల్‌ఫిదార్దో అకార్డియన్ల ఊరు, పావలో సొప్రాని అనే ఆయన అక్కడ 1860లలో వాటి తయారీ మొదలుపెట్టాడు. జర్మనీలో ట్రోసింగెన్‌లోని హోనర్, క్లింగెంతాల్‌లోని వెల్ట్‌మైస్టర్ విద్యార్థుల కోసం చేసినవి సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతాయి, అవి నమ్మదగినవి. కానీ పేరున్నది పాడైతే పేరు పలకదు. ఇటలీలో చేసినవాటి మీద దిగుమతి చేసుకున్న వ్యాపారుల పేర్లు వేసి అమ్మడం కూడా ఉండేది, కాబట్టి తెలియని పేరు కనిపించగానే తీసిపారేయకండి.

సర్దుకుపోదగినవి కూడా చెబుతాను. గీతలు, రంగు వెలిసిన మెట్లు, అరిగిన భుజం పట్టీలు, తెగిన తిత్తి పట్టీ, మెట్లు నొక్కితే కాస్త టకటక చప్పుడు, ఒకటి రెండు స్వరాలు కొద్దిగా జారడం. ఇవన్నీ బేరం ఆడటానికి పనికొస్తాయి, కొనకుండా ఉండటానికి కారణాలు కావు. నాలుగైదు స్వరాలు అసలు పలకకపోవడం, గాలి పోవడం, బూజు, తుప్పు, కదిలే రీడ్లు, ఇరుక్కునే బేస్ బటన్లు ఉంటే మాత్రం ఊరికే ఇచ్చినా వద్దనండి. "చిన్న రిపేరే" అంటే, ఆ చిన్న రిపేరు చేయించి, పలికించి చూపిస్తే ధర కాస్త ఎక్కువైనా ఇస్తానని చెప్పి చూడండి. నిజంగా చిన్నదైతే వాళ్లే చేయిస్తారు.

కొన్నాక దారిలో ఎండలో ఆగిన కారులో వదలకండి, మైనం మెత్తబడి రీడ్లు జారతాయి. ఇంట్లో వెల్లకిలా పడుకోబెట్టకండి, వాయించేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే నిలబెట్టి ఉంచండి, తోలు పట్టీలు వాలిపోకుండా ఉంటాయి. రోజూ ఒక పది నిమిషాలైనా తిత్తి ఆడించండి. మీరు రాసుకున్న కాగితం మీద ఎన్ని మెట్లు తేడాగా తేలాయో నాకు రాయండి. వాటిలో ఏది రిపేరుకు ఇవ్వాలో, ఏది వాయిస్తుంటే దానంతటదే సర్దుకుంటుందో చూసి చెబుతాను.